రుద్దకు... అద్దు!

మా హాల్లో పరిచిన తివాచీ మీద ఏ మరక ఎప్పుడు పడిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాను. ఉగాది వెళ్ళిన వారానికి కాఫీ. మే నెలలో మామిడికాయ పప్పు. జూన్ మొదట్లో కొత్తావకాయ నూనె. మూడూ మా అమ్మ చేతిలోంచి జారినవే. మూడింటినీ వదిలించింది నేను. మరకల గురించి నాకు తెలిసినంత మా అపార్ట్‌మెంట్‌లో ఇంకెవరికీ తెలీదని కాస్త గర్వం కూడా ఉండేది. మరక మీద పెట్టిన కళ్ళు ఒక్కసారి పైకెత్తి అమ్మ చెయ్యి వైపు చూసి ఉంటే బాగుండేది. చూడలేదు.

ముందు తివాచీ సంగతి చెప్పాలి. మాది ఏలూరు. పర్షియా నుంచి వచ్చి స్థిరపడ్డ నేతగాళ్ళ వల్ల మా ఊరికి తివాచీల పని వచ్చిందంటారు. ఒక్కో ముడీ చేత్తో వేస్తూ ఉన్నితో నేసే తివాచీలు అవి. నేను ఏడో తరగతిలో ఉండగా నాన్న ఒకటి కొన్నారు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. మధ్యలో ముదురు మెరూన్, చుట్టూ మీగడ రంగు అంచు. నాన్న స్కూల్ టీచరు. ఆ నెల జీతంలో ఎంత దానికే పోయిందో అమ్మ ఇప్పటికీ లెక్క చెబుతుంది.

నాన్న పోయి రెండేళ్ళయింది. ఏలూరు ఇల్లు అద్దెకిచ్చేసి అమ్మ హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చేటప్పుడు రెండు సూట్‌కేసులు, ఈ తివాచీ తెచ్చుకుంది. నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాట్, చిన్న హాలు. అందులో అది పరిచాక నాన్న పేపరు పట్టుకుని పక్కనే కూర్చున్నట్టు అనిపించేది నాకు. దాని మీద చుక్క పడితే ప్రాణం చివుక్కుమనేది.

మొదటి మరక ఆదివారం పొద్దున పడింది. సోఫా చివర, బాల్కనీ పక్కన కూర్చోవడం అమ్మకి అలవాటు. కాఫీ గ్లాసు జారింది. సగం కాఫీ మీగడ రంగు అంచు మీదే. నేను పరిగెత్తుకెళ్ళి బట్టల బ్రష్షు, వేడినీళ్ళు, డిటర్జెంట్ పౌడరు తెచ్చాను. బరబరా రుద్దడం మొదలెట్టాను.

“అయ్యో, రుద్దకే! అద్దు” అంది అమ్మ.

“నువ్వుండమ్మా” అన్నాను.

పది నిమిషాల్లో అరచెయ్యంత మరక పళ్ళెమంత అయింది. ఉన్ని పోగులు రేగిపోయి, ఆ చోటు తడిసిన కుక్కపిల్ల వీపులా తయారైంది.

తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, చేసిన మూడు పనులూ తప్పేనని. కాఫీలో పాలుంటాయి. పాల మరకకి వేడినీళ్ళు తగిలితే అందులోని ప్రొటీన్ పోగుల్ని పట్టుకుని కూర్చుంటుంది. కాబట్టి చల్లటి నీళ్ళే వాడాలి. రెండోది, రుద్దితే మరక పక్కకి పాకుతుంది, కిందికి దిగుతుంది, పోగులు రేగుతాయి. మూడోది అన్నింటికన్నా ముఖ్యం. మన జుట్టులాగే ఉన్ని కూడా ప్రొటీనే. పాలు, గుడ్డు మరకల్ని తినేసే ఎంజైములున్న డిటర్జెంట్లు ఉన్నినీ వదలవు. క్లోరిన్ బ్లీచ్ అయితే పోగుల్నే పాడుచేస్తుంది. నేనొక లెక్క పెట్టుకున్నా: నా జుట్టుకి రాయడానికి భయపడేది ఏదీ తివాచీకి రాయకూడదు.

మరి ఏం చెయ్యాలి? తెల్ల కాటన్ గుడ్డ తీసుకోవాలి. రంగు గుడ్డ అయితే దాని రంగు దీనికి అంటుకోవచ్చు. అరచేత్తో గట్టిగా ఒత్తి పట్టుకుని తడి పీల్చుకోనివ్వాలి. అంచు దగ్గర మొదలెట్టి మధ్యకి రావాలి, లేకపోతే మరక పెరుగుతుంది. ప్రతిసారీ గుడ్డలో పొడిగా ఉన్న చోటు మార్చుకోవాలి. తడి తగ్గాక రెండు కప్పుల చల్లటి నీళ్ళలో ఒక టేబుల్‌స్పూన్ వైట్ వెనిగర్, ఒక టీస్పూన్ గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, గుడ్డ ముంచి పిండి, దాంతో అద్దాలి. చివర్లో ఉత్త నీళ్ళతో అద్ది సబ్బు తీసెయ్యాలి. సబ్బు మిగిలితే అదే దుమ్ముని పట్టి రెండు వారాల్లో నల్లటి మచ్చ చేస్తుంది. ఇదంతా చేసేముందు ఎవరికీ కనపడని మూల ఒకటి తడిపి, తెల్లగుడ్డ ఒత్తి చూసుకోవాలి. గుడ్డకి రంగు అంటితే అక్కడితో ఆగిపోవడమే మంచిది.

మూడు రోజులు పట్టింది గానీ, కాఫీ మరక పోయింది.

రెండోసారి పప్పు. అన్నం పళ్ళెంలోంచి ముద్ద జారి పడింది. ఈసారి నేను సిద్ధంగానే ఉన్నా. స్పూనుతో మెల్లగా గీకి ఎత్తేశాను. పసుపు రంగు మిగిలింది. ఫోన్లో రీల్స్ చూస్తే అందరూ బేకింగ్ సోడా అంటున్నారు. సోడా చల్లి, సబ్బు నీళ్ళు వేశాను. పసుపు మరక కళ్ళముందే ఎర్రగా మారిపోయింది! తివాచీ రంగు దిగిపోతోందనుకుని గుండె ఆగినంత పనైంది.

అమ్మ నవ్వింది. “పెళ్ళికూతురికి దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎలా చేస్తారనుకున్నావే? నీళ్ళలో పసుపు, సున్నం కలిపితే ఎర్రబడతాయి. సోడా, సబ్బూ కూడా సున్నంలాంటివేగా. నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపైపోతుంది చూడు.”

ఇంటర్‌లో ఎంపీసీ చదివిన నాకు కెమిస్ట్రీ పాఠం మా అమ్మ దిష్టినీళ్ళతో చెప్పింది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే వెనక్కి వస్తుంది. వెనిగర్ నీళ్ళు అద్దగానే నిజంగానే పసుపుకి తిరిగొచ్చింది. ఇంకో మాట. బేకింగ్ సోడా, వెనిగర్ కలిపి బుసబుసా పొంగించే వీడియోలు చూసి మురిసిపోకండి. ఆ రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, ఆఖరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళే. ఇక బ్లీచ్‌లో వెనిగర్ మాత్రం పొరపాటున కూడా కలపొద్దు. విషవాయువు వస్తుంది.

మిగిలిన పసుపు ఛాయకి మందు ఎండ. వెలుతురుకి పసుపు రంగు విరిగిపోతుంది. పసుపు మరకల చీరలు అమ్మ ఎప్పుడూ ఎండలోనే ఆరేసేది అందుకే. కానీ ఎండకి తివాచీ రంగులు కూడా వెలుస్తాయి. అందుకని మరక ఉన్న చోటు వదిలేసి మిగతాదంతా దుప్పటి కప్పి, పొద్దుటి ఎండలో కొంచెం కొంచెంగా పెట్టాం. ఐదో రోజుకి వెతికితే తప్ప కనపడలేదు.

మూడోది ఆవకాయ. జాడీలోంచి గిన్నెలోకి తీసి తెస్తూ తెస్తూ అమ్మ సోఫా దగ్గర ఒలకబోసింది. ఎర్రటి నూనె. ఆ రోజు రాత్రి ఆఫీసు కాల్‌లో మేనేజర్‌తో మాటలు పడి బయటికొచ్చాను. వచ్చేసరికి ఇది.

“అమ్మా! చిన్నపిల్లవా నువ్వు? ఒక్క గిన్నె సరిగ్గా పట్టుకోలేవా? నాన్న తివాచీని నాశనం చేసేదాకా నిద్రపోవా?”

అమ్మ ఏమీ అనలేదు. కింద కూర్చుని గుడ్డతో అద్దబోయింది. “నువ్వు ముట్టుకోకు” అన్నాను. లేచి వెళ్ళిపోయింది. కాసేపటికి శనగపిండి డబ్బా తెచ్చి నా పక్కన పెట్టి, మాట్లాడకుండా వెళ్ళి పడుకుంది.

ఆ డబ్బా ఎందుకో నాకు అర్థమైంది. చిన్నప్పుడు తలకీ ఒంటికీ నూనె పట్టించి, నలుగు పెట్టి జిడ్డు వదిలించేది. పిండి నూనెని పీల్చుకుంటుంది. శనగపిండి పచ్చగా ఉంటుందని నేను కార్న్‌ఫ్లోర్ వాడాను గానీ సూత్రం ఒకటే. నూనె పడ్డ చోట మందంగా చల్లి, రాత్రంతా వదిలేసి, పొద్దున వాక్యూమ్‌తో లాగేశాను. ఇంకోసారి చల్లి, మళ్ళీ లాగాను. నూనె పోయేదాకా నీళ్ళు తగలనివ్వలేదు. తర్వాత గిన్నెల లిక్విడ్ నీళ్ళు అద్దాను. కారం ఎరుపు కొంచెం మొండికేసింది గానీ, అదీ వారంలో తగ్గింది.

ఆ తర్వాత నెల రోజులు ఒక్క మరక పడలేదు. “చూశావా, జాగ్రత్తగా ఉంటే పడవు” అని నాలో నేనే అనుకున్నా. అమ్మ సోఫాలో కూర్చుని కాఫీ తాగడం మానేసిందని గమనించాను. వంటింట్లోనే తాగేసి వచ్చేది. నాతో కూర్చుని తినడం కూడా మానేసింది. “నాకు ముందే ఆకలేసిందే, తినేశా” అనేది. నిజం చెప్పాలంటే నాకు హాయిగానే అనిపించింది.

జూలైలో పిన్నివాళ్ళు వస్తామన్నారు. రెండ్రోజుల ముసురు తర్వాత ఎండ కాస్తే, తివాచీ దులుపుదామని బాల్కనీ రెయిలింగ్ మీద వేశాను. తివాచీకి మరకలకన్నా పెద్ద శత్రువు పోగుల అడుగున చేరే ఇసుక. నడిచిన ప్రతిసారీ అది చిన్న చాకులా పోగుల్ని కోస్తుంది. అందుకే అప్పుడప్పుడు బోర్లా తిప్పి వెనకవైపు నుంచి కొట్టాలి.

ఏ తివాచీ అయినా కొనేటప్పుడూ, కడిగేముందూ ఇలా తిప్పి చూడాలి. చేత్తో ముడులు వేసిందైతే వెనక కూడా డిజైన్ కనిపిస్తుంది. గుడ్డ అంటించి ఉంటే అది జిగురుతో చేసింది, ఎక్కువ తడిపితే జిగురు ఊడుతుంది. మా బెడ్‌రూమ్‌లో ఉన్నది వరంగల్ డర్రీ, అంటే జంపఖానా. కాటన్‌ది, ముడులుండవు, రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఓరుగల్లు తివాచీలు 1851లోనే లండన్ గ్రేట్ ఎగ్జిబిషన్‌లో ప్రదర్శనకి వెళ్ళాయి. వరంగల్ డర్రీలకి 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. రంగు దిగదని చూసుకుంటే కాటన్ జంపఖానాని చల్లటి నీళ్ళలో ఉతుక్కోవచ్చు. ఉన్ని తివాచీకి ఆ సాహసం పనికిరాదు.

సరే, మా తివాచీ తిప్పి చూశాను కదా. వెనకవైపు, అమ్మ కూర్చునే చోటుకి సరిగ్గా కింద, లేత గోధుమ రంగు మచ్చలు. ఒకటి కాదు, రెండు కాదు. రూపాయి బిళ్ళంతవి, బొట్టంతవి, తొమ్మిదో పదో ఉన్నాయి. పైన చూస్తే ఏమీ లేదు. ఎవరో చాలా ఓపిగ్గా, పోగు రేగకుండా అద్ది అద్ది తీసేశారు. కాస్త తడి మాత్రం కిందికి దిగి ఆ గుర్తు మిగిలిపోయింది.

ఈ ఇంట్లో నేను కాకుండా ఇంకెవరున్నారు?

వాషింగ్ మెషీన్ వెనక వెతికితే చిన్న ప్లాస్టిక్ కవరు దొరికింది. అందులో తెల్లటి గుడ్డ ముక్కలు. నాన్న పాత పంచె చింపి చేసినవి. కాఫీ మరకలు, ఉతికి ఆరేసి మడత పెట్టినవి. నేను ఆఫీసు కాల్స్‌లో ఉన్నప్పుడు, నాకు వినపడకుండా, కింద కూర్చుని అమ్మ ఆ గుడ్డలతో అద్దుకుంటూ ఉండి ఉంటుంది. అప్పుడప్పుడూ ఒలికిపోతూనే ఉందన్నమాట. నా కంటపడినవి మూడే.

మర్నాడు పొద్దున అలారం పెట్టుకుని అమ్మకన్నా ముందు లేచి, పడుకున్నట్టే ఉండి చూశాను. వంటింట్లో సింకు మీదికి వంగి కాఫీ తాగుతోంది. రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది. అయినా గ్లాసు వణుకుతోంది. పెదాల దగ్గరికి రాగానే ఇంకా ఎక్కువ. స్టీల్ గ్లాసు పళ్ళకి తగిలి టకటకమని చప్పుడు. ఒలికినదంతా సింకులోనే పడుతోంది.

“ఎప్పట్నుంచమ్మా?” అన్నాను వెనక నుంచి.

ఉలిక్కిపడింది. మిగతా కాఫీ కూడా పోయింది. “ఏడాదైంది. ఏం కాదులే, పెద్దతనం” అంది.

“నాకెందుకు చెప్పలేదు?”

కొంచెంసేపు కొళాయి తిప్పి గ్లాసు కడిగింది. “చెయ్యి వణుకుతోందంటే నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వవు కదే. ఇంక నేను చెయ్యడానికి ఏం మిగుల్తుంది?” అంది.

ఆ వారమే న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు ముందు థైరాయిడ్ పరీక్ష రాశారు, అది తేడా చేసినా చేతులు వణుకుతాయట. కాగితం ఇచ్చి చక్రంలా తిప్పుతూ గీత గీయమన్నారు. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్ళు పోయమన్నారు. చెయ్యి ఒళ్ళో ఊరికే పెట్టుకున్నప్పుడు వణుకుతుందా, పని చేసేటప్పుడు వణుకుతుందా అని చూశారు. ఒళ్ళో పెట్టుకుంటే నిలకడగా ఉంది. గ్లాసు ఎత్తితేనే వణుకు. రిపోర్టులు చూశాక, అమ్మకి ఉన్నది ‘ఎసెన్షియల్ ట్రెమర్’, నేను భయపడిన పార్కిన్సన్స్ కాదు అన్నారు. “మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?” అని అడిగారు.

“మా నాన్నగారికి ఉండేదండీ. అక్షరమ్ముక్క వచ్చినాయన, చివర్లో సంతకం కుదరక వేలిముద్ర వేసేవారు” అంది అమ్మ.

తాతయ్య గురించి ఈ మాట నేనెప్పుడూ వినలేదు.

“ఇది కొన్ని కుటుంబాల్లో వస్తుంటుంది. పూర్తిగా పోదు గానీ మందుతో చాలామందికి తగ్గుతుంది” అని మాత్ర రాశారు. కాఫీ తగ్గించి చూడమన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, “కంగారు పెట్టకండి. అలసటకి, టెన్షన్‌కి, ఎవరో తననే చూస్తున్నారన్న బెరుకుకి ఇది ఇంకా పెరుగుతుంది” అన్నారు.

ఆయనకేం తెలుసు, మా ఇంట్లో గ్లాసు ఎత్తిన ప్రతిసారీ నేను గుడ్లగూబలా చూసేదాన్నని. ఆ చూపుకి వణుకు ఎక్కువై, ఒలికి, నేను అరిచి, ఆ అరుపుకి మర్నాడు ఇంకా వణికి... ఇంటికొచ్చే ఆటోలో నా రెండు చేతులూ ముందుకి చాపి చూసుకున్నాను. ప్రస్తుతానికి నిలకడగానే ఉన్నాయి. అమ్మ చూసి, ఏమీ అనకుండా ఆ చేతుల్ని కిందికి దించి తన ఒళ్ళో పెట్టుకుంది.

“సారీ అమ్మా” అన్నాను.

“దేనికి? ఆవకాయ మరక బాగానే పోయిందిగా” అంది.

ఇంటికొచ్చాక తివాచీ చుట్టి అటక మీద పెట్టేద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. “తొక్కడానికి కొన్నారు మీ నాన్నగారు, దాచుకోడానికి కాదు. ఇటు రా” అని ఒక మూల వెనక్కి తిప్పి చూపించింది. ముడుల మధ్య ముదురు ఎరుపు మచ్చ. అది రంగే అనుకున్నాను ఇన్నాళ్ళూ. “ఆయన పేపర్లు దిద్దుతూ ఎర్రసిరా సీసా తన్నేశారు. కొని పట్టుమని పది రోజులు కాలేదు. మెరూన్ మీద పడబట్టి పైకి కనపడలేదు. నీకు తెలిస్తే నవ్వుతావని ఆ మూల దివాన్ కాట్ కిందికి నెట్టి, నన్ను ఒట్టు వేయించుకున్నారు” అంది. ఈ తివాచీ మీద మొదటి మరక నాన్నదే.

ఇప్పుడు అమ్మ మళ్ళీ సోఫా చివరే కూర్చుంటోంది. పొడుగాటి, బరువైన గ్లాసులో సగమే కాఫీ. రోజుకి ఒక్కసారే, రెండోసారి కోసం బేరాలు నడుస్తున్నాయి. మాత్ర వల్ల వణుకు కొంత తగ్గింది. పొయ్యి ఆవిడదే. వేడి నూనె, గంజి వార్చడం నావి. సోఫా పక్కన ఒక బుట్ట ఉంటుంది. అందులో చల్లటి నీళ్ళ స్ప్రే సీసా, వెనిగర్, కార్న్‌ఫ్లోర్, ఒక స్పూను, నాన్న పంచె గుడ్డలు. దాన్ని దాచాల్సిన పని ఇప్పుడు ఎవరికీ లేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేతిలోంచి తరచూ ఏదైనా జారుతోంటే, తడి తుడిచేశాక ఒకసారి ఆ చేతిని కూడా చూడండి. డాక్టరుకి చూపించండి. అరవడం దేనికీ మందు కాదని నా అనుభవం.

మొన్న ఆదివారం టీ కప్పు పక్కన పెట్టుకుని ల్యాప్‌టాప్‌లో మునిగిపోయాను. మోచెయ్యి తగిలింది. కప్పు బోర్లా పడింది, మళ్ళీ ఆ మీగడ రంగు అంచు మీదే. కంగారులో చేతికి దొరికిన టవల్‌తో రుద్దబోయాను.

“ఏంటే ఆ కంగారు? రుద్దకు, అద్దు” అంటూ అమ్మ బుట్టలోంచి గుడ్డ తీసి నా పక్కన కింద కూర్చుంది.